ఓకు కాయలు రాలిన యేడు

మామిడిచెట్టు గల యింటి యిల్లాలికి కాపు సంగతి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. ఒక యేడు కొమ్మలు విఱుగునట్లు కాచును; ఇరుగుపొరుగులకు పంచిపెట్టినను తఱుగదు; జాడీలన్నియు నిండిపోవును. మఱుసటి యేడు ఆ చెట్టే, ఆ యెరువే, ఆ నీళ్లే. అయినను పూత నిలువదు. ఆవకాయకు కాయలు కొని తెచ్చుకొనవలసివచ్చును. ఈ హెచ్చుతగ్గులు మన యింట జాడీలతో ముగిసిపోవును. మేమిప్పుడు కాపురమున్న దేశమున నట్లు గాదు. ఇచట నొక చెట్టు కాపునుబట్టి రాష్ట్రమంతటి వేట నడచును. వేటనుబట్టి యెందఱి వంటయిండ్లో నడచును. తుదకు పిల్లల యారోగ్యము గూడ దానితో ముడివడియున్నది. ఆ చెట్టును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పుదమని యీ వ్యాసము.

మా కాపురము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, అపలాచియను కొండవరుసల నడుమ, ఒక చిన్న యూరి వెలుపల. కొండలమీద, ఇండ్ల వెనుక, బాటల ప్రక్కల ఎక్కడ జూచినను ఓకు చెట్లే. తెలుగు బైబిలులో దీనిని సింధూరవృక్షమని వ్రాసిరి గాని, ఆ పేరు వినిన మనకు బొట్టు జ్ఞప్తికి వచ్చునే కాని చెట్టు కన్నులకు గట్టదు. కావున మేము ఓకు అనియే వ్రాసెదము. మన యిండ్లకు ఈ చెట్టుతో చుట్టఱికము లేకపోలేదు. పసిబిడ్డలకు సానమీద నరగదీసి నాలుకకు రాయు మాచికాయ యున్నది గదా, అది పశ్చిమాసియాలోని ఒక ఓకు చెట్టు కొమ్మపై పురుగు కుట్టుటచే లేచిన బుడిపె. మాచికాయ నోట బెట్టుకొని యెఱిగినవారికి ఓకు వగరెట్టిదో వర్ణింప నక్కఱలేదు.

ఓకు కాయ మన పోకకాయకంటె చిన్నది. నున్నగా, కోలగా నుండి తలపై గరుకైన టోపీ పెట్టుకొనియుండును. కాచిన యేడు సెప్టెంబరు నెల మొదలు రాత్రులయందు మా వెనుకింటి రేకు కప్పుమీద టపటప రాలుచునే యుండును. మొదట వచ్చిన సంవత్సరమున ఎవరో రాళ్లు రువ్వుచున్నారని మా పిల్లలు దుప్పటి ముసుగుపెట్టిరి.

మా తోపులో నున్నవి రెండు తెగలు. ఆకు అంచులు గుండ్రముగా నుండునది తెల్ల ఓకు. కొనలు ముల్లువలె వాడిగా నుండునది ఎఱ్ఱ ఓకు. చూపున కింతమాత్రమే భేదముగాని, కాయ విషయమున రెండింటికిని చాల దూరము. తెల్ల ఓకు వసంతమున పూచి ఆ శరదృతువునందే కాయ పండించును. ఎఱ్ఱ ఓకు కాయ పండుటకు రెండు వేసవులు కావలెను. ఈ యేడు పూచినది వచ్చే యేడు రాలును. తెల్ల ఓకు కాయలో వగరు తక్కువ. అందుచే జింకకు మిక్కిలి యిష్టము. ఎఱ్ఱ ఓకు కాయలో వగరెక్కువ, కొవ్వు గూడ నెక్కువ. తెల్లకాయ నేలబడిన కొలదిదినములకే మొలకెత్తును; ఎఱ్ఱకాయ చలికాలమంతయు నిద్రించి వసంతమున మొలచును. ఈ సంగతి ఉడుతకు తెలియును! ఎఱ్ఱకాయను వెంటనే తినక పాతిపెట్టును. తెల్లకాయను అప్పుడే తినివేయును. ఒకవేళ దాచదలచిన దాని మొలక మొనను కొఱికి మఱి పాతును. కొట్టుగదిలో పప్పులు చెడకుండ దాచు గృహిణికంటె దానికి నేర్పు తక్కువయని మాకు తోచదు.

ఇక కాపు. ఓకు గాలిచే ఫలదీకరణము నందు చెట్టు. ఏప్రిలు మే నెలలలో తీగలవలె వ్రేలాడు పసుపుపచ్చని పూగుత్తుల పొడి గాలికెగిరి, కొనకొమ్మలనున్న అతిసూక్ష్మమైన ఆడపూలపై బడవలెను. ఆ దినములలో ఎడతెగని వాన పడినను, రాత్రి గడ్డకట్టు చలి వచ్చినను ఆ పూత పోయినట్లే. 2023 మే నెల నడుమ ఈశాన్య రాష్ట్రములలో నొక రాత్రి అట్టి చలి వచ్చి, న్యూయార్కు మొదలగుచోట్ల ద్రాక్షతోటలను ఆపిలుతోటలను మాడ్చివైచినది. మా పల్లమున గూడ లేతాకులు ఉడికించినట్లు నల్లబడినవి. ఆ శరత్తున మా తెల్ల ఓకుల క్రింద ఏరుదమన్న పిడికెడు కాయలు లేవు. ఎఱ్ఱ ఓకులు మాత్రము కొంచెము కాచినవి, ఏలయన అవి క్రిందటి యేటి పూతవి. వానికి తగిలిన దెబ్బ 2024లో గాని బయటపడలేదు. ఒక్క రాత్రి చలి రెండు సంవత్సరముల కాపును రెండు మాఱులుగా కోసికొనిపోయినదన్నమాట.

చలి లేకున్నను ఓకు ఏటేట నొకే తీరున కాయదు. రెండు మూడేండ్లు కొలదిగా కాచి, ఒక యేడు కొండలోని చెట్లన్నియు కూడబలుకుకొనినట్లు ఒక్కుమ్మడి విరగకాచును. శాస్త్రజ్ఞులు చెప్పు హేతువులలో నొకటి మనకు సుబోధము. కాయను తినువారు అనేకులు: జింక, ఎలుగు, ఉడుత, టర్కీకోడి, నీలిపిట్ట, ఎలుక, కాయలోపల దొలుచు పురుగు. ఏటేట సమముగా కాచిన వీరందఱును సమముగా పెరిగి ఒక్క కాయనైన మిగులనీయరు. కొన్నియేండ్లు పస్తుంచి, ఒక యేడు తినలేనంత కుమ్మరించిన కొన్ని గింజలైన మిగిలి మొలకెత్తును. ఆహూతులను పస్తుపెట్టి పిదప సంతర్పణ చేయు గృహస్థుని మనమేమందుమో కాని, చెట్టు వంశము నిలుచుటకు మాత్రమిది మంచి యుపాయము.

నూఱేండ్లకు పూర్వ మీ కొండలు ఇట్లు ఓకు దయపై నాధారపడియుండలేదట. అప్పుడీ యడవులయందు చెస్ట్‌నట్టను మహావృక్షము నిండియుండెను. అది మంచుభయము గడచిన పిమ్మట, జూను జూలై నెలలలో పూచును. కావున ప్రతి యేడును నమ్మకముగా కాచును. కాయలో వగరు లేదు. మనుష్యులును తినిరి, మృగములును తినినవి. 1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని చెట్లపై ఆసియా ఖండమునుండి వచ్చిన బూజు తెగులొకటి కానవచ్చెను. 1950 నాటికి మూడునాలుగు వందల కోట్ల చెట్లు నశించెను. నమ్మకముగా వడ్డించు తల్లి పోయి, మనసు వచ్చినపు డొకమాఱు పెట్టు సవతితల్లి చేతికి వచ్చినట్లయినది యడవిబిడ్డల బ్రదుకు.

ఆ బిడ్డలలో ముఖ్యమైనది తెల్లతోక జింక. పరుగెత్తునపుడు తోకనెత్తి లోపలి తెలుపును జెండావలె చూపును గనుక ఆ పేరు. ఇప్పుడది యింటింటి ముంగిట కనబడుచున్నను, 1900 ప్రాంతమున నీ రాష్ట్రమున అరుదైపోయినది. విచ్చలవిడి వేట యొకవంక, అడవుల నరకుట యింకొకవంక. 1895లో గేమ్ కమిషనను ప్రభుత్వశాఖ యేర్పడెను. 1906 మొదలుకొని పై రాష్ట్రములనుండి జింకలను తెప్పించి యడవులలో విడిచిరి. 1907లో ఆడజింకను చంపరాదని శాసనము చేసిరి. పులి తోడేలు మొదలగు శత్రువులు అప్పటికే పోయినవి. దానితో జింకలు పెరిగి పెరిగి, అడవిలో చిన్నమొక్కను బ్రతుకనీయనంతయైనవి. ఇప్పు డాడజింకల వేటకు ప్రత్యేకమైన పత్రము లిచ్చి, సంఖ్య నదుపులో నుంచవలసివచ్చినది. ఇటీవలి యేండ్లలో ఏటికి 4 లక్షలకు పైబడి జింకలు ఈ యొక్క రాష్ట్రముననే వేటలో పడుచున్నవి.

వేటకాలమన నిచట నొక పర్వము. అక్టోబరు నుండి విల్లువేట. నవంబరు నాలుగవ గురువారము థాంక్స్‌గివింగు పండుగ. దాని తరువాత తుపాకివేట. పూర్వము పండుగ తరువాతి సోమవారమున నారంభమయ్యెడిది. 2019 నుండి శనివారమునకు మార్చిరి. అయినను పల్లెటూళ్లలో ననేక పాఠశాలలు ఆ సోమవారము సెలవిచ్చుచునే యున్నవి. తుపాకి పట్టినవారు కండ్లు మిఱుమిట్లు గొలుపు నారింజరంగు చొక్కాలు టోపీలు ధరించవలెనని శాసనము. జింక కన్నులకు ఆ రంగు స్పష్టముగా నానదు, తోడి మనుష్యులకు మాత్రము దూరమునుండియే కనబడును. మా అత్తగారు గుంటూరునుండి వచ్చినపుడు కిటికీనుండి వారిని జూచి, ఈ దేశమున సన్న్యాసులు తుపాకులు పట్టుకొని తిరుగుదురా యని ప్రశ్నించిరి.

ఈ వేటకును ఓకు కాయకును గల సంబంధము మాకు తెలిసినది పొరుగింటి వృద్ధదంపతుల వలన. మా పిల్లలు వారిని తాతగారు, మామ్మగారు అనియే పిలుతురు. తాతగారు పదునాలుగవ యేటినుండి వేటకు పోవువారు. ఆగష్టు నెల వచ్చినదనగా దుర్భిణి పట్టుకొని మా చెట్ల కొనలను పరీక్షించుచుండిరి. పక్షులకొఱకేమో యనుకొని మేమడుగగా, ఆయన చెప్పిన దిది: “జింకను వెదకుట వెఱ్ఱితనము. జింక భోజనమును వెదకవలెను. కాయ లెక్కువైన యేడు తుపాకి నూనె రాసి గోడకు తగిలించుకొనవచ్చును.”

ఆ మాట మొదట విపరీతముగా తోచును. ఆహారము సమృద్ధిగా నున్నపుడు జింకలు బలిసి, గుంపులుగా తిరిగి, వేటగానికి సుళువుగా చిక్కవలదా? చిక్కవు. జింక నడచుట ఆకలిచే. కాయలు లేని యేడు అది ప్రొద్దుగ్రుంకకముందే యడవి విడిచి, జొన్నపొలము సోయాపొలము అంచులకు, ఆపిలుతోటలకు, మన పెరళ్లకు వచ్చును. వచ్చు త్రోవ యొక్కటే, పోవు త్రోవ యొక్కటే. త్రోవప్రక్క గూర్చున్నవాని కది కనబడితీరును. కాయలు కుప్పలుగా బడిన యేడో, పండుకొనిన చోటనుండి లేచి పదియడుగులు వేసిన కడుపు నిండును. అడవి నడుమ, ఎవ్వరు పోలేని గుబురులలో తిని, అచ్చటనే నెమరువేసి, అచ్చటనే నిద్రించును. పొలము గట్టున తెల్లవాఱినది మొదలు చలికి వణకుచు గూర్చున్న వేటగాండ్రు ఒక్క తోకనైన గానక యింటికి వత్తురు. వచ్చి, జింకలు మాయమైనవనియు, కమిషనువారు ఆడజింకలను మితిమీఱి చంపనిచ్చిరనియు పత్రికల కుత్తరములు వ్రాయుదురు! జింకలు తగ్గలేదు; వారి కంటబడలేదు, అంతే. ప్రక్కనున్న పశ్చిమ వర్జీనియా రాష్ట్రమువారు ఈ సంగతి గ్రహించి 1970ల దశకము మొదలు ఏటేట అడవికాయల కాపును ప్రాంతములవారీగా తనిఖీ చేయించి, వేటకాలమునకు ముందుగనే ప్రకటించుచున్నారు. మన యూళ్లలో వానకారు ఫలితమును పంచాంగశ్రవణమున వినునట్లు, అచ్చట వేటగాండ్రు దానిని చదివి తావులు నిర్ణయించుకొందురు.

ఇందులో నింకొక మెలకువ కలదు. తెల్లకాయ ముందుగా రాలును, ముందుగా తఱుగును. కావున అక్టోబరులో విల్లు పట్టువాడు తెల్ల ఓకును వెదకవలెను. పండుగ తరువాత తుపాకివేట వచ్చునప్పటికి తెల్లకాయలు చెల్లిపోవును, లేదా మొలకెత్తును; ఆకుల క్రింద మిగిలియున్నవి ఎఱ్ఱకాయలు. మంచు పడినను జింక ముట్టెతో వాసనపట్టి, గిట్టతో త్రవ్వి వానిని తినును. అందుచే ఒక్క తెల్ల ఓకు మాత్రమే కాచిన యేడు ఒకవిధము, ఎఱ్ఱ ఓకు మాత్రమే కాచిన యేడు వేఱొకవిధము. రెండును కాచిన యేడు వేటగాని భార్యకు కష్టకాలము.

ఆమె కష్టమును మేము దగ్గఱనుండి చూచితిమి. ఇచటి వేట కేవలము వినోదార్థమని నగరవాసు లనుకొందురు. మా ప్రక్క కొండలలో నది సగము మాత్రమే నిజము. ఒక మంచి జింకనుండి నలుబది యేబది పౌనుల మాంసము వచ్చును. దానిని చిన్నచిన్న పొట్లములుగా కట్టి, తేదీ వ్రాసి, మంచుపెట్టెలో నుంచుట, కొంత రుబ్బించి బొలోనా చేయించుట, కొంత ఉప్పు మిరియము పట్టించి ఒరుగులుగా నెండబెట్టుట, ఇదంతయు మామ్మగారి పని. రెండు జింకలు దొరికిన ఆ యింట వసంతమువఱకు మాంసము కొనరు. మిగిలినవారు బీదసాదల కిత్తురు. 1991లో నారంభమైన ‘హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్’ అను సంస్థ ద్వారా వేటగాండ్రిచ్చిన మాంసము అన్నదానశాలలకు చేరుచున్నది.

2021 శరదృతువున రెండు తెగలును కాచినవి. మా వాకిట నడచిన కాలుజాఱునంతటి కాయలు. అక్టోబరు నెలాఖరున మామ్మగారు ఆపిలుపండ్ల రొట్టెయొకటి చేసికొని వచ్చిరి. కొంతసేపు అవియిని యివియు మాటలాడి, తుదకు మెల్లగా చెప్పిరి: తాతగారు పదునాలుగు దినములు పొలము గట్టున గూర్చున్నారు, ఒక్కటియు కనబడలేదు, జింకలన్నియు మీ తెల్ల ఓకుల క్రిందనే యున్నవి, మీ తోపులో విల్లు పట్టుకొని కూర్చుండుటకు అనుమతి యిచ్చెదరా? “ఆయన పని చేసిన కర్మాగారము మూతపడినది. ఈ చలికాలము అంగడిలో మాంసము కొనుట మాకు బరువు. అందుకే యడుగుచున్నాను,” అనిరి. ఈ రాష్ట్రమున గృహస్థు అనుమతి లేనిదే ఇంటికి 150 గజములలోపల తుపాకితోను, 50 గజములలోపల వింటితోను వేటాడరాదు. మా తోపు చిన్నది. మేము వద్దన్న ఆ వేట లేదు.

ఆలోచించుకొని చెప్పెదమంటిమి. మాది మాంసము ముట్టని యిల్లు. మా బాల్యమున విన్న కథలలో జింకను కోరిన సీతమ్మకు జరిగిన దెవరెఱుగరు? మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద జింకను వేటాడుట నేరము. నల్లమలలో ఇప్పపూలు రాలుకాలమున చుక్కలదుప్పులు చెట్టుక్రిందికి వచ్చి యేఱుకొనును. చెంచువారును అదే చెట్టుక్రింద పూలేఱుకొందురు. అక్కడ అది ముగ్ధమైన దృశ్యము. ఇక్కడ అదే దృశ్యమును కిటికీనుండి చూచి యానందించు మేము, ఆ లేడికి బాణము తగులుటకు చేవ్రాలు చేయవలెనా?

మా అత్తగారు మొదట ససేమిరా యనిరి. ఇంటికి వచ్చిన ప్రాణి అతిథియనిరి. మావారు మాత్రము ఇంకొక లెక్క చెప్పిరి. కడుపునిండిన జింక యీ చలికాలము చావదు. వసంతమున ఒక్కొక్క లేడి కవలలను గనును. బాగుగా మేసిన పిల్లయైన ఆఱేడు నెలలకే చూలు దాల్చవచ్చును. వచ్చే యేడు కాయ లేకపోయిన ఆ పెరిగిన మంద యంతయు నేమి తినవలెను? తోడేళ్లను మనుష్యుడు పోగొట్టినాడు గనుక ఆ పని మనుష్యుడే చేయవలసివచ్చినదని వారి మాట. లెక్క సరియైనదే గాని, లెక్కచే మనసు నెమ్మదింపదు. అత్తగారు రెండు దినము లేమియు మాటలాడలేదు. మూడవనాడు దేవునియెదుట దీపము పెట్టి వచ్చి, “ఆ ముసలావిడ నోరు తెఱచి యడిగినది గదా. పొరుగింట పొయ్యి వెలుగకుండ మనము జింకల అందము చూచుచు కూర్చుండుట గూడ నాకు బాగుగా లేదు. కాని నేనూరికి పోయిన తరువాతనే కానిండు,” అనిరి. ఆమె నవంబరు మొదటివారమున బయలుదేఱిరి. పిట్స్‌బర్గులో 1976లో ప్రతిష్ఠింపబడిన వేంకటేశ్వరస్వామి యాలయమునకు పోయి మ్రొక్కి, అటనుండి విమానమెక్కిరి. దారిపొడుగున బాటప్రక్క బండ్లు తగిలి చచ్చిన జింకలను ఆమె లెక్కపెట్టుచు వచ్చి, తొమ్మిదవ దానితో మానివేసిరి.

తాతగారు మా తోపులో నాలుగు ప్రొద్దులు గూర్చుండిరి. నాలుగవనాడు ఒక ఆడజింక పడినది. ఆ దినము మేము ఆ వంక కిటికీ తెర తీయలేదు. మామ్మగారు మాంసము పంపలేదు, ఎఱిగినవారు గనుక. తన పాతరలోని గుమ్మడికాయలు రెండు పంపిరి. పులుసు పెట్టుకొంటిమి.

కాపు కథ జింకతో ముగిసిన బాగుండును. ముగియదు. కాయలు విరివిగా పడిన తోపులో జింకలు శరత్తునంతయు నిలిచియుండుటచే, వానిని పట్టుకొనియున్న పిడుదులు అచ్చటనే రాలి గ్రుడ్లు పెట్టును. ఆ కాయలనే తినిన తెల్లకాళ్ల చిట్టెలుకలు చలికాలమున చావక, వేసవినాటికి మందలగును. గ్రుడ్లు పగిలిన పిడుదుపిల్లలు ఆ యెలుకల రక్తము త్రాగి, వాని యొంటనున్న రోగబీజమును గ్రహించును. ఆ మఱుసటి వేసవికి అవి యించుక పెరిగి, గసగసాల గింజంతయై, గడ్డిలో నాడుకొను పిల్లలను పట్టును. రోగము జింకనుండి రాదు, ఎలుకనుండి వచ్చును, జింక పిడుదునకు వాహనము మాత్రమే. న్యూయార్కు రాష్ట్రములోని మిల్‌బ్రూకున పరిశోధకులు అడవిలో తామే కాయలు వెదజల్లి, ఎలుకలు పిడుదులు పెరుగుట లెక్కించి, 1998లో ఈ గొలుసును ప్రకటించిరి. అనగా విరగకాచిన యేటికి రెండవ వేసవి తల్లులు మెలకువగా నుండవలసిన కాలము.

ఆ రోగమునకు లైమ్ అను పేరు కనెక్టికటు రాష్ట్రములోని లైమ్ అను నూరినిబట్టి వచ్చినది. అచ్చట పిల్లలకు మోకాళ్లు వాచుచుండగా, పాలీ మఱ్ఱీ యను నొక గృహిణి తన యింటి బిడ్డల బాధలను ఏండ్లతరబడి పుస్తకమున వ్రాసికొని, ఇరుగుపొరుగుల సంగతులు గూడ విచారించి, 1975లో ఆరోగ్యశాఖవారికి తెలియజేసెను. వైద్యులు పరిశోధన కారంభించిన దా తరువాతనే. రోగబీజమును కనుగొనిన శాస్త్రజ్ఞుని పేరు ఆ బీజమునకు పెట్టిరి. కన్నులు తెఱచి చూచిన తల్లి పేరు మాత్రము తెలిసినవారు కొలదిమంది. ఇది మన పత్రికలో వ్రాయదగిన మాటయని యిచట వ్రాసితిమి.

2023 జూనున మా చిన్నవానికి జ్వరము తగిలినది. స్నానము చేయించునపుడు మోకాలి వెనుక ఎఱ్ఱని వలయము, నడుమ నొక చుక్క కనబడెను. చూచిన వెంటనే వైద్యుని యొద్దకు పోతిమి. మందు వాడగా స్వస్థత చిక్కినది. ఈ పిడుదు సాధారణముగా ఒక దినమునకు మించి యంటియుండినగాని రోగము నంటింపదు. కావున వేసవి సాయంకాలము పిల్లల చంకలు, చెవుల వెనుక, మోకాలి మడతలు, తల వెండ్రుకల మొదళ్లు తడవి చూచుట, అంటినదానిని సన్నని శ్రావణముతో చర్మమున కానించి పట్టి తిన్నగా పైకి లాగుట, మా యింట నిత్యకృత్యమైనది. ప్రవాసమున నున్న మన యాడపడుచులు పేను చూచినట్లే దీనిని గూడ చూడవలెను.

ఆ శరత్తున, మొదట చెప్పిన చలిదెబ్బచే, తెల్లకాయ లేదు. ఒక్క సెప్టెంబరులోనే జింకలు మా పెరటి గోంగూరను మోడు చేసినవి. చిక్కుడుపాదును పందిరితో గూడ లాగినవి. బెండమొక్కల తలలు కోసినట్లు కొఱికినవి. పగటివేళనే వాకిట నిలుచుండి, తఱిమినను నాలుగడుగులు వేసి వెనుదిరిగి చూచెడివి. తాతగారు ఆ యేడు మా తోపు నడుగనే లేదు. విల్లువేట మొదటి వారముననే ఆయన పొలము గట్టున రెండు దొరికినవి. ఆ సాయంకాలము మామ్మగారు పొట్లములపై తేదీలు వ్రాయుచు మా కిటికీవైపు చేయి యూపిరి. తరువాతి ఫిబ్రవరిలో గడ్డకట్టిన వాగుదగ్గఱ, ప్రక్కటెముకలు లెక్కింపదగిన జింకపిల్ల యొకటి చచ్చిపడియుండగా చూచితిమి. ఆ యేడు కాయ లేదన్నమాట మాకప్పుడు సంపూర్ణముగా బోధపడినది. మా అత్తగారికి జాబులో బాణపు సంగతి వ్రాసియుంటిమి గాని, ఈ పిల్ల సంగతి వ్రాయలేదు.

ఎఱ్ఱ ఓకు రెమ్మను దగ్గఱకు వంచి చూచిన, ఈ యేడు రాలవలసిన కాయలును, వచ్చే యేటి కాయకు మొదలైన ఆవగింజలవంటి బొడిపెలును ఒకే రెమ్మపై నుండును. మొన్న ఆగష్టున తాతగారు దుర్భిణి మావారి చేతికిచ్చి, చూపు తగ్గినది, మీరే లెక్కపెట్టి చెప్పుడనిరి. అరనిమిషమునకు ఎన్ని కాయలు కనబడునో అన్నియు లెక్కించి, చెట్టు చెట్టునకు కాగితమున గుర్తుపెట్టితిమి. తెల్ల ఓకులపై విరివిగా నున్నవి. ఎఱ్ఱవానిపై కొలదిగా నున్నవి. కాగితము చూచి ఆయన, అయిన అక్టోబరులో మీ యింటికే రావలెననిరి. మామ్మగారు ఆ మాట వినిపించుకొననట్లే, మా పెద్దది తెచ్చిన గోంగూర పచ్చడి రుచి చూచి, ఇందులో వగరెక్కడిదని యడుగుచుండిరి.